కారుకి ఎదురొచ్చిన అత్తయ్య

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా మా నాన్న కారు కొన్నారు. డెబ్భైల మధ్యలో గవర్నరుపేటలోని మా వీధి మొత్తానికి అదొక్కటే కారు. గన్నవరం దగ్గరున్న మా రైస్ మిల్లుకి రోజూ ఏడున్నరకల్లా దాన్లో బయలుదేరేవారు. సెకండ్ హ్యాండుదే అయినా, దాన్ని చూసుకున్నంత అపురూపంగా ఆయన మమ్మల్నెవర్నీ చూసుకోలేదు. ఇప్పుడైనా ఈ మాట అనకపోతే నాకు ఉండబట్టదు.

ఆ కారుకి ఒక జబ్బుండేది. మామూలు రోజుల్లో తాళం తిప్పగానే బుద్ధిగా లేచేది. ఏదో ఒక రోజు మాత్రం సెల్ఫ్ గిరగిరా తిరిగేది గానీ ఇంజను అందుకునేది కాదు. నలుగురు పట్టి తోసినా వీధి చివరిదాకా దొర్లి ఆగిపోయేది. ఆటోనగర్ నుంచి మెకానిక్‌ని పిలిపిస్తే అతను తీరిగ్గా పదింటికి వచ్చి, బానెట్ ఎత్తి, భుజం మీది గుడ్డతో అక్కడా ఇక్కడా తుడిచి, తాళం తిప్పేవాడు. వెంటనే స్టార్టయ్యేది. "ఏం ట్రబులూ లేదండీ, బండి బంగారంలాగుందండీ," అని వెళ్లిపోయేవాడు. బ్యాటరీ మార్చారు, ప్లగ్గులు మార్చారు, పెట్రోలు గొట్టం విప్పి ఊది చూశారు. జబ్బు మాత్రం పోలేదు.

చివరికి కారణం నాన్నే కనిపెట్టారు. కారణం మా అత్తయ్యట!

అత్తయ్య నాన్నకి స్వయానా చెల్లెలు. పెళ్లయిన రెండేళ్లకే మావయ్య పోతే, తిరిగి చదువుకుని, ట్రైనింగు చేసి, ఊళ్లో ఒక స్కూల్లో టీచరైంది. మాతోనే ఉండేది. ఆవిడా ఏడున్నరకే చేతిసంచీ పట్టుకుని వీధి గుమ్మంలోంచి బస్సుకి వెళ్లేది. "ఇది ఎదురొచ్చిన రోజే కారు మొరాయిస్తోంది. అందులోనూ శుక్రవారం పూట," అన్నారు నాన్న. అన్నది అమ్మతో, అత్తయ్యకి వినబడేలా.

శుక్రవారం సంగతి నిజమే. ఎక్కువసార్లు ఆ రోజే మొరాయించేది. కానీ మిగతా రోజుల్లో అదే అత్తయ్య అదే వేళకి ఎదురొస్తే అదే కారు చక్కగా కదిలి వెళ్లేదే! ఆ మంచి ఎవరి మొహం చూసి జరిగిందని ఎవరూ అనుకోలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. నాన్ననే అడిగేశాను. "ఫిజిక్సు చదువుతున్నానని పెద్దంతరం చిన్నంతరం లేకుండా పోయిందా?" అన్నారు.

అప్పట్నుంచి కారు కదిలేదాకా అత్తయ్య వీధిలోకి రాకూడదు. అయినా కారు లేవకపోతే, అరుగు మీదో గుమ్మంలోనో కంటబడిందనేవారు. తొందరైతే వెనక సందులోంచి పోవాలి. ఆ సందంతా మురుగు. చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, ఏలూరు కాలవ గట్టు చుట్టి ఆవిడ రోడ్డెక్కేసరికి బస్సు వెళ్లిపోయేది. స్కూల్లో హాజరు పట్టీలో ఎర్ర సిరా గీత పడేది. కొన్నాళ్లకి మెమో ఇచ్చారు. ఇలాగే ఆలస్యమైతే పైకి రాయాల్సి వస్తుందన్నారు హెడ్మిస్ట్రెస్ గారు. ఆ కాగితం చూపిస్తే నాన్న, "అయితే మానెయ్యరాదూ? గుడివాడ అవతల మీ అత్తవారింట్లో గది ఉందిగా, వెళ్లి అక్కడుండు," అన్నారు. పదమూడేళ్ల ఉద్యోగం! ఆ మాటన్నప్పుడు ఆయన చేతిలో కారు అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ ఉంది.

అత్తయ్య మెమో మడిచి సంచీలో పెట్టుకుంది. ఆ ఓర్పు నాకు ఇంకా కోపం తెప్పించింది.

అసలు కారణం నేనే పట్టుకోవాలని పంతం పట్టాను. వంటింటి గోడ మీది కాలెండరులో రోజూ పెన్సిలుతో గుర్తులు పెట్టాను. కారు లేచిన రోజు సున్నా, లేవని రోజు ఇంటూ. ముందురోజు వాన పడిందా, కారు నీడలో ఉందా, అత్తయ్య కంటబడిందా, అన్నీ ఆ గళ్లలోనే పొడి అక్షరాలతో రాశాను. అంతలో అత్తయ్య పరీక్ష పేపర్లు దిద్దడానికి పది రోజులు బందరు వెళ్లింది. ఆ వారం శుక్రవారం కారు లేవలేదు. నాకు పట్టలేనంత సంతోషం. "అత్తయ్య ఊళ్లోనే లేదుగా, ఇప్పుడేమంటారు?" అని నాన్న ముందుకెళ్లి నిలబడ్డాను.

నాన్న అమ్మ వైపు తిరిగారు. "పొద్దున్నే దాని పేరెత్తింది ఎవరు?" అన్నారు.

అమ్మ తల దించుకుంది. పాలు పోయించుకుంటూ, మా ఆడపడుచు ఊళ్లో లేదు, కాసిని తగ్గించు అందట. ఇలాంటి మనిషితో ఇంకేం వాదిస్తాం? ఎదురొస్తే మనిషిది తప్పు, ఊరు దాటితే పేరుది తప్పు!

తర్వాతి శుక్రవారం నేను కారు పక్కనే నిలబడ్డాను. వారం వారం, పండగలప్పుడూ నాన్న తలస్నానం చేసి వచ్చి, బానెట్ ఎత్తి, ఇంజనుకి పసుపూ కుంకుమా పెట్టి, హారతిచ్చి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు ఇంజను మీద పోసేవారు. మేమంతా హారతి కళ్లకద్దుకునేవాళ్లం. ఫిజిక్సు చదివే నాక్కూడా అందులో తప్పుందని ఏనాడూ తోచలేదు. ఆ రోజు మాత్రం నీళ్లు ఎటు పోతున్నాయో చూశాను. ప్లగ్గులకి తీగలు బయలుదేరే నల్లటి మూత మీద పడి, ఆ తీగల మొదళ్లలోకి దిగాయి. ప్లగ్గులకి కరెంటు పంచేది అక్కణ్ణుంచే. అది తడిస్తే కరెంటు ప్లగ్గులదాకా పోదు. ఒక్కోవారం నీళ్లు పక్కకి పడేవి, బండి లేచేది. మూత మీద పడ్డ రోజు, మెకానిక్ వచ్చి తుడిచేదాకా లేచేది కాదు. ఏం తుడుస్తున్నాడో అతనికీ తెలియదు.

నాన్న తాళం తిప్పారు. లేవలేదు. "ఒక్క నిమిషం ఆగండి," అని, ఆ మూత ఊడదీసి, లోపలా బయటా తీగలతో సహా నా ఓణీ కొంగుతో తుడిచాను. కొంగంతా పసుపూ మసీ అయింది. "ఇప్పుడు తిప్పండి," అన్నాను. లేచింది.

నాన్న నా వైపు చూడకుండా మిల్లుకి వెళ్లిపోయారు. సాయంత్రం ఎదురింటాయనతో, "డిస్ట్రిబ్యూటర్లో తడండీ. పాత బళ్లతో ఇదే గొడవ," అంటున్నారు. ఆ తడి ఎక్కడిదో చెప్పలేదు. నెలల తరబడి చెల్లెల్ని మురుగులో నడిపించినందుకు నొచ్చుకున్నట్టు ఒక్క ముక్క లేదు. రాత్రి భోజనాల దగ్గర మాత్రం అమ్మతో, "వచ్చాక వీధి వైపు నుంచే వెళ్లమను," అన్నారు, వరమిచ్చినట్టు.

అత్తయ్య బందరు నుంచి రాగానే చెయ్యి పట్టుకుని కాలెండరు దగ్గరికి లాక్కెళ్లి, జరిగిందంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. ఆవిడ ఆ గుర్తులన్నీ ఓపిగ్గా చూసింది. ఒకచోట వేలు పెట్టి, "ఈ 'అ' ఏంటే?" అంది.

"నువ్వు నాన్న కంటబడ్డ రోజు. నువ్వు కంటబడినా పడకపోయినా ఒకటేనని తేల్చడానికి."

"మరి కొబ్బరినీళ్ల సంగతి నీ కంటబడకపోతే ఏం తేల్చేదానివే?" అంది.

నాన్న మీద అంతలా మండిపడ్డ నేను కూడా వానతోపాటు ఆవిడనీ అనుమానితుల్లో చేర్చి రాశాను. నా మీద నాకున్న ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఆ నెలాఖరుకి అత్తయ్య స్కూలు దగ్గరే ఒక గది అద్దెకి తీసుకుంది. "ఇప్పుడేమైందని? వీధి వైపు నుంచే వెళ్లమన్నానుగా!" అని నాన్న రుసరుసలాడారు. వెళ్లే రోజు ఆవిడ ట్రంకుపెట్టె రిక్షాలో పెట్టించి, ఎక్కడానికి అడుగు ముందుకేసింది. అప్పుడే నాన్న బయటినుంచి వస్తూ గేట్లో ఎదురయ్యారు. అత్తయ్య ఆగింది. వెనక్కొచ్చి అరుగు మీద కూర్చుని, "కాసిని మంచినీళ్లియ్యవే," అంది నాతో. ఎదురు మంచిది కానప్పుడు మా వైపు ఎవరైనా చేసే పనే అది. నాన్న మొహం కందగడ్డలా అయింది. అత్తయ్య తొందరేమీ లేకుండా రెండు గుక్కలు తాగి, ఆయన గేట్లోంచి తప్పుకునేదాకా కూర్చుని, అప్పుడు లేచి వెళ్లి రిక్షా ఎక్కింది.