సాపు చేసిన ముఖం

మొన్న ఒక డాక్టరమ్మాయి ఫోన్ చేసింది. ఏడాది కిందట ఉద్యోగానికి సూరత్ వచ్చిందట. తనలాంటి నలుగురైదుగురు కలిసి నెలకొకసారి ఎవరో ఒకరి ఇంట్లో పాత సినిమాలు చూసి మాట్లాడుకుంటారట. ఈసారి మూకీ సినిమాలు పెట్టుకున్నారట. ఆ చిత్రాల్లో ముఖం కాలినవాళ్ళూ చీలినవాళ్ళూ అంతమంది ఎందుకుంటారు, ఆ గాయం దేనికి ప్రతీక అనే విషయం మీద నేను ఒకప్పుడు మాట్లాడానని ఎవరో చెప్పారట, మళ్ళీ ఒకసారి వచ్చి చెప్పమని అడిగింది. ఆరోగ్యం బాగాలేదన్నాను. అది అబద్ధం. ఆ పిల్లకు చెప్పలేనిది నా ఈడువాళ్ళకు చెప్పుకోవచ్చుననిపించి ఇది రాస్తున్నాను.

తెలంగాణ నుంచి సూరత్‌కు వలస వచ్చిన మాది ఉధ్నా పేటలో మరమగ్గాల బతుకు. మావాళ్ళు వాటిని సాంచెలంటారు. నాన్న పోయేనాటికి అన్నకు పదహారేళ్ళు, నాకు తొమ్మిది. అన్న షెడ్డులో చేరాడు గాని నన్ను చేరనివ్వలేదు. మా సందులోని ఆడపిల్లలంతా ఇంట్లో కూర్చుని నూలు కండెలు చుడుతున్న వయసులో నేను తెలుగు బడికీ, ఆ తర్వాత కాలేజీకీ వెళ్ళి, చివరికి చదివిన బడిలోనే పంతులమ్మనయ్యాను. అన్న రోజుకు పన్నెండు గంటలు నిలబడితే నేను కూర్చుని చదువుకున్నాను. ఈ మాట ముందే చెప్పడం మంచిది.

సాంచెల షెడ్డులో ఎన్నడూ అడుగుపెట్టనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. అక్కడ మాట వినబడదు. అన్ని సాంచెలూ ఒక్కసారిగా కొట్టుకుంటుంటే పక్కవాడి చెవిలో అరిచినా లాభం లేదు. అందుకని అక్కడ ఎవరూ గొంతు వాడరు. పెదవులు కదుపుతారు, కనుబొమలు ఎగరేస్తారు, దవడ తిప్పుతారు, అంత దూరాన ఉన్నవాడు ఆ ముఖం చదువుకుని ముఖంతోనే జవాబిస్తాడు. ఇంటి గొడవలు, ఊరి కబుర్లు, బూతు జోకులు, అన్నీ ఆ పెదవుల మీదే నడిచేవి. అన్నకు సద్దిడబ్బా ఇవ్వడానికి పోయి గుమ్మం దగ్గర నిలబడి, ఎవరి గొంతూ వినకుండా మనుషులు పడిపడి నవ్వడం చూసిన రోజులు నాకింకా గుర్తున్నాయి. ఆ చదువులో అన్నను మించినవాడు లేడనేవారు.

కాలేజీలో మా లెక్చరరు ఒక గుజరాతీ పెద్దమనిషి. నాన్‌పురాలో ఒక లైబ్రరీ హాలు తీసుకుని నెలకొక ఆదివారం మధ్యాహ్నం విదేశీ మూకీ సినిమాలు వేసేవాడు. రీళ్ళు రేకుడబ్బాల్లో రైల్లో వచ్చేవి. ఆడపిల్లను ఒంటరిగా అంతదూరం పంపడం ఇష్టంలేక అన్న తోడు వచ్చాడు. మొదటిరోజే, తెర మీద ఒక జమీందారు చేతులు తిప్పుతూ ఏదో చెబుతుంటే అన్న నా చెవి దగ్గరికి వంగి, "వాడు అబద్ధమాడుతుండు, సూడు," అన్నాడు. ఆ తర్వాత అతని మాటలు రాసిన ఇంగ్లీషు పలక తెర మీదికి వచ్చింది, ఇంకొంతసేపటికి కథలో అదే తేలింది. వాళ్ళ భాష మాకు రాదు. కానీ చప్పుడు లేకుండా ముఖంతో మాట్లాడే మనుషులు అన్నకు కొత్త కాదు. మేం పుస్తకాలు తిరగేసి అర్థం చేసుకునే దృశ్యాన్ని అతను హాయిగా చూసి నవ్వేవాడు. ఆ ఏడాదిన్నర మా ఇద్దరికీ నెలలో ఎదురుచూసే రోజు అదే. మర్నాడు షెడ్డులో ఆ కథంతా పెదవులతో చెప్పేవాడట.

అన్నకు పెళ్ళయిన మరుసటి ఏడు, నడుస్తున్న సాంచెలోంచి, పోగును అటూ ఇటూ మోసుకుపోయే నాడె తప్పించుకుని ఎగిరింది. నాడె కొసకు ఇనుప మొన ఉంటుంది. అది అన్న ఎడమ చెంపను చీల్చి పైపెదవిని తెంపింది. ఆసుపత్రిలో కుట్లు వేశారు. మానిన తర్వాత పెదవి ఒకవైపు పైకి లాక్కుపోయి, పక్కపన్ను ఎప్పుడూ బయటికి కనిపిస్తూ ఉండిపోయింది. నీళ్ళు తాగితే ఆ పక్కనుంచి కారేవి.

చూసేవాళ్ళకు అది వికారం. అన్నకు అది ఇంకో నష్టం. షెడ్డులో అతని ముఖాన్ని ఇక ఎవరూ చదవలేకపోయారు. పెదవి కదిపితే ఏ మాటో తెలిసేది కాదు. రెండుసార్లు అడిగి, మూడోసారి విసుక్కుని, తర్వాత అడగడం మానేశారు. అంతకుముందు సినిమా కథలు చెప్పేవాడు గదా, అందుకని అతనికి మూకీ అని పేరు పెట్టారు. "ఏంది మూకీ, గియ్యాల ఏం ఖేల్ నడుస్తుంది?" అనేవారు టీబండి దగ్గర. అన్న నవ్వేవాడు. ఆ నవ్వు చూసి వాళ్ళు పక్కకు తిరిగేవారు. కొన్నాళ్ళకు అతను చేతులతో చెప్పడం మొదలుపెట్టాడు. పోగు తెగితే ఒక సైగ, కండె అయిపోతే ఒకటి, కోపమొస్తే ఒకటి. అవి నేర్చుకునే ఓపిక ఎవరికీ లేకపోయింది. వదిన మాత్రం నేర్చుకుంది.

నేను చేసిన పని ఆ రోజుల్లోదే. లెక్చరరు నన్ను ఒక సినిమాకు ముందు పావుగంట మాట్లాడమన్నాడు. చర్చిలకు గంటలు పోతపోసే ఒక పనివాడి కథ అది. కరిగిన కంచు మీదపడి ముఖం కాలుతుంది. అక్కడినుంచి అతను దుర్మార్గుడవుతాడు, ఊరికి కీడు తలపెడతాడు, చివర పశ్చాత్తాపంతో చనిపోతుంటే ముఖం మీద వెలుగు పడి కాలిన చర్మం నున్నగా మారిపోతుంది. ఆ కాలిన ముఖం ఆత్మ కాలడానికి ప్రతీక అనీ, చివరి నునుపు క్షమకు ప్రతీక అనీ నేను రాసుకున్నాను. గాయపడ్డ ముఖం చూస్తే మనం కళ్ళు తిప్పుకునేది మన లోపల దాచుకున్నది బయట కనబడినందుకే అని కూడా ఒక వాక్యం రాసుకున్నాను. అన్న గుర్తు రాకుండా ఆ వాక్యం రాశానని చెప్పను. అన్నను చూసి జనం కళ్ళు తిప్పుకోవడం గమనించే రాశాను. వాక్యం బాగా కుదిరిందని సంతోషపడ్డాను.

నేను మొదటిసారి నలుగురిలో మాట్లాడుతున్నానని, ఆరు నెలలుగా పనికి తప్ప ఇల్లు కదలని అన్నను నేనే బతిమాలి పిలుచుకుపోయాను. ముఖానికి తువ్వాల చుట్టుకుని చివరి వరుసలో కూర్చున్నాడు. నేను హిందీలో మాట్లాడాను. అందరూ చప్పట్లు కొట్టారు. తెర మీద ఆ పనివాడు మొదటిసారి ముఖం చూపినప్పుడు హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టిన చప్పుడు వినబడింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అన్న అడిగాడు. "చెల్లె, వాని మొకం పనిల కాలింది గదా. మరి వాడు చెడ్డోడెందుకయిండు?"

అది ప్రతీక అన్నా, అన్నాను. ప్రతీక అంటే ఏందని అడిగాడు. ఒకటి చూపెట్టి ఇంకోటి చెప్పడం అన్నాను.

కొంచెం ఆలోచించి, "అయితే నన్ను సూసినోళ్ళు గూడ ఇంకోటేదో సదువుకుంటరన్నట్టు," అన్నాడు. కోపంతో అనలేదు. తెలియని విషయం నేర్చుకున్నవాడిలా అన్నాడు. అదే నన్ను ఇన్నేళ్ళూ తినేసింది. ఆ తర్వాత అతను ఏ సినిమాకూ రాలేదు. ఎవరితోనూ ఎదురుగా కూర్చోవడం కూడా మానేశాడు. గోడ పక్కన, ఎడమ చెంప గోడవైపు ఉండేలా చూసుకుని కూర్చునేవాడు. పెళ్ళిళ్ళలో ఫోటోలు తీసేవేళకు వంటల దగ్గరికి వెళ్ళిపోయేవాడు. నేను క్షమించమని ఎప్పుడూ అడగలేదు. రేపు అడుగుదామనుకుంటూ నలభై ఏళ్ళు గడిపాను.

కరోనా మొదటి ఏడాది షెడ్లు మూతపడ్డాయి. మావాళ్ళలో సగంమంది దొరికిన బండి ఎక్కి ఊళ్ళకు పోయారు. నెలల తర్వాత షెడ్లు తెరిచినప్పుడు అందరి మూతికీ గుడ్డే. సాంచెలు మొదలయ్యేసరికి ఒకరి మాట ఒకరికి తెలియదు. చదవడానికి పెదవులే లేవు. కుర్రకారు మాటమాటకీ మాస్కు కిందికి లాగడం మొదలుపెట్టారు. ఆ షెడ్డులోనే ఒకతను పోయాక వాళ్ళకు భయం పట్టుకుంది. అప్పుడు అన్నను వెతుక్కుంటూ వచ్చారు. అప్పటికి అతను పూటపనికి పోయి సాంచెలు బాగుచేస్తున్నాడు. "కాకా, జర మాగ్గూడ నేర్పియ్యి," అని చుట్టూ నిలబడి చేతి సైగలు నేర్చుకున్నారట. మూకీ అని పిలిచినవాళ్ళ కొడుకులు వాళ్ళు.

ఆ కొద్ది నెలల్లో ఉన్నంత సంతోషంగా అన్నను నేను చిన్నప్పుడు తప్ప చూడలేదు. మాస్కు పెట్టుకుని మనుషులకు ఎదురుగా కూర్చున్నాడు. బ్యాంకుకు తనే వెళ్ళాడు, కూరగాయల బండివాడితో బేరమాడాడు, వడోద్‌లో ఒక పెళ్ళికి పోయి ముందువరుసలో కూర్చున్నాడు. "గిప్పుడు అందరం ఒక్కతీరే, చెల్లె," అని ఫోన్లో చెప్పాడు. ఊరంతా చస్తుంటే ఒక మనిషి సుఖపడ్డాడని రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది, కానీ నిజం.

రెండో ఏడు ఎండాకాలంలో అన్నకు జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో చేర్చిన ఎనిమిదో రోజు పోయాడు. వదిన కూడా జ్వరంతో ఇంట్లో గదిలో ఉంది. సంచిలో చుట్టి తీసుకుపోయి, సంచితోనే దహనం చేశారు. ముఖం చూపించమని నా మేనకోడలు, అన్న ఒక్కగానొక్క కూతురు, బతిమాలింది. రూల్సు ఒప్పుకోవన్నారు.

వదిన గది లోపలినుంచే నాతో ఒక్క మాట అంది. "ఆఖరికి మొకం సూడనియ్యలే పిల్లా. పదకొండో దినానికి ఫోటో అన్నా పెద్దగ చేయించు, కండ్లనిండ సూసుకుంట."

అన్నకు ఫోటోల్లేవు. పెళ్ళినాటిది ఒకటి, అందులో అతనికి ఇరవై నాలుగేళ్ళు. అతను మాస్కు పెట్టుకుని ఉండగా మేనకోడలు తీసిందొకటి. ముఖం ఉన్నది ఉన్నట్టు కనబడేది ఆధార్ కార్డు మీద మాత్రమే, అక్కడ పక్కకు తిరగనివ్వరు గనక. అది పట్టుకుని నేనూ మేనకోడలూ గోడాదరాలో ఒక స్టూడియోకు పోయాం. సగం షట్టరు దించుకుని పనిచేస్తున్నాడు. ఆ వారంలో అతనికి అన్నీ చనిపోయినవాళ్ళ పటాలే. కంప్యూటరులో అన్న ముఖం పెద్దదిచేసి, నావైపు చూడకుండానే అలవాటుగా అడిగాడు. "మాసీ, దాగ్ నికాల్ దూ?" మచ్చ తీసెయ్యమంటారా అని.

నేను వద్దనబోయాను. మేనకోడలు నా చెయ్యి పట్టుకుంది. "బతికినన్ని దినాలు గట్లనే సూసిండ్రు. పోయినంక గూడ గట్లనే సూడాల్నా అత్తమ్మా?"

తండ్రి పక్కన నడుస్తుంటే దారిన పోయేవాళ్ళ చూపులు అది పసితనం నుంచీ భరించింది. నేను తలూపాను. రెండు నిమిషాలు పట్టలేదు. పెదవి కిందికి దిగింది, పన్ను మాయమైంది, చెంప నిండింది. అన్నను క్షమించవలసిందేమీ లేదు, క్షమ కావలసినదాన్ని నేను. అయినా ఆ నున్నటి ముఖం చూసి నా మనసు తేలికపడింది. నేను చేసిన తప్పును కూడా ఆ స్టూడియోవాడు తుడిచేశాడన్నంత తేలిక.

పదకొండో దినం పటం కుర్చీలో పెట్టి, దండ వేసి, దీపం వెలిగించాం. వదినను పట్టుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టాం. చాలాసేపు చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. తర్వాత లేచి, కొంగుతో అద్దం మీద పెదవి ఉన్నచోట తుడిచింది. ఏదో అంటుకుందనుకున్నట్టు ఇంకోసారి తుడిచింది.

"నలుబై ఏండ్లు ఆ పెదిమెకు చెయ్యి అడ్డంబెట్టి నీళ్ళు తాగిపిచ్చిన," అంది. "అది యాడవాయె?"

మేనకోడలు ఏడుస్తూ, మళ్ళీ చేయించుకొస్తానంది. వదిన వద్దంది. "ఉండనియ్యి బిడ్డా. వచ్చిపోయేటోళ్ళకు గదే మంచిగుంటది." ఆధార్ కార్డు అడిగి తీసుకుని కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుంది. నావైపు మాత్రం చూడలేదు. ఫోటో పెద్దది చేయించమని చెప్పింది నాకు కదా.

ఇప్పుడు ఆ షెడ్డులో నాడెలు లేని కొత్త సాంచెలు వచ్చాయి. ఎవరి ముఖమూ చీలదు. అది మంచిదే, కాదనను. పనివాళ్ళు చెవుల్లో పాటలు పెట్టుకుని ఎవరి సాంచెల దగ్గర వాళ్ళుంటారు. ఇంకొకరి పెదవులు చదవవలసిన అవసరం ఎవరికీ లేదు, అన్న నేర్పిన సైగలూ మాస్కులతోపాటే పోయాయి. ఫోనులో ఎవరి ముఖాన్నైనా ఎవరైనా సాపు చేసుకోవచ్చు. మేనకోడలి మనవరాలికి ఆ పటంలోని మనిషే ముత్తాత. దానికి అలాగే చెప్పారు, నేను కూడా అలాగే చెప్పాను.

వదిన ఇంటికి పోయినప్పుడల్లా ఆ పటానికి దండం పెడతాను. పెట్టేముందు ప్రతిసారీ చేతులు ఒక క్షణం ఆగుతాయి, ఎదురుగా వచ్చిన పెద్దమనిషి మనకు తెలిసినవాడో కాదో తేల్చుకోలేనప్పుడు ఆగినట్టు.