తల ఊపకుండా అవుననడం

పద్మావతక్క ఈసారి వియత్నాం తిరిగి వెళ్తుందా, ఇక్కడే ఉండిపోతుందా అన్నది ఆ ఇంట్లో నెల రోజులుగా తెగని సంగతి. ఆమె తమ్ముడు ప్రవీణ్ హైదరాబాదు కొత్తగూడలో మా పై అంతస్తులో ఉంటాడు. సెలవులకు అతని దగ్గరికి వచ్చింది. వియత్నాంలో తను పాఠాలు చెప్పే బడికి, వస్తానో రానో శుక్రవారంలోపు చెప్పాలి.

సాయంత్రం నేను బట్టలు తియ్యడానికి మేడ మీదికి వెళ్లేసరికి ఆమె నీళ్ల ట్యాంకు నీడలో కుర్చీ వేసుకుని కాళ్లు చాపుకుని ఉంటుంది. అడిగితే చెబుతుంది. అడక్కపోతే ఫ్లైఓవర్ మీద పోయే బండ్లను చూస్తుంది. నాకు అడగడం ఇష్టం. బట్టలు మడతపెట్టడం ఎంత ఆలస్యం చెయ్యొచ్చో ఆ నెలలో నేర్చుకున్నాను.

వాళ్లది నంద్యాల. అక్కడ ఓ ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేది. భర్త పోయాక ఊరంతా తనతో గొంతు తగ్గించి మాట్లాడుతుంటే తట్టుకోలేకపోయింది. పాత స్నేహితురాలెవరో దారి చూపిస్తే వియత్నాంలో ఒక చిన్న పట్నానికి వెళ్లి, ఇంగ్లీషు బొత్తిగా రానివాళ్లకు మొదటి పాఠాలు చెప్పడానికి కుదురుకుంది. పగలు పిల్లలు, సాయంత్రం పెద్దవాళ్లు.

"ఏడేండ్లుగా అదే పాఠం. ఇది కుర్చీ, అది కిటికీ. కొంచెం నోరు తిరిగిందంటే పై తరగతికి పోతారు. వాళ్లతో కబుర్లు చెప్పుకునే భాగ్యం ఇంకో టీచరుకు. నాకు మళ్లా కొత్తోళ్లు, మళ్లా కుర్చీ."

"విసుగు రాదా అక్కా?"

"రాకేం? గొంతు పోయింది, మోకాళ్లు పోయినాయి." ఆ వెంటనే తనే అందుకుంది. "హోవా అని ఒకామె ఉండాది. కూరగాయలమ్ముతాది, అరవై దాటినాయి. నెలల తరబడి వచ్చి కూర్చునేది గానీ నోరు తెరిచేది కాదు. ఒకరోజు నేను వానలో తడిసి క్లాసుకు పోయినాను. ఆమె లేచి వచ్చి, మెడలో తువ్వాలు నా మీద కప్పి, 'టీచర్, యూ కోల్డ్' అనింది. అది పుస్తకంలో లేని మాట, నేను నేర్పని మాట. ఆమే కూర్చుకునింది. ఆ పొద్దు ఇంటికి పోయి అన్నం కూడా వండుకోలేదు. ఆకలి అనిపించలేదు."

దాని వెనకే నవ్వు కూడా వచ్చిందామెకు.

"ఒకసారి హెడ్మాస్టరు పిలిపించినాడు. పిల్లోళ్లు ఇంట్లో 'యెస్' అంటా తల అడ్డంగా ఊపుతాండారంట. తల్లులేమో వద్దంటాండారు అనుకుని ముందు పెట్టిన గిన్నె తీసేస్తాండారంట! యాడ నేర్చినారబ్బా అని చూస్తే, నా దగ్గరే. మనం అవునంటే తల అటూ ఇటూ ఊగుతాది కదా. నేను ఊపుతానని నాకే తెలీదు. అదీ ఇంగ్లీషులో భాగమే అనుకున్నారు పాపం."

"మరి మాన్పించావా?"

"మెడ పట్టేసిందని అబద్ధం చెప్పి పట్టీ కట్టుకుని, తల కదలకుండా పాఠం చెప్పినాను. మర్నాటికి సగంమంది మెడకు తువ్వాళ్లు చుట్టుకుని వచ్చినారు. హెడ్మాస్టరే దండం పెట్టి, ఊపుకోనీ తల్లీ అన్నాడు."

తమ్ముడికి ఈ కథలు రుచించవు. అక్క ముఖం పీక్కుపోయిందని అతని బాధ. అతని భార్య సుష్మ రాయదుర్గంలో, విదేశీ కంపెనీల పని చూసే ఒక ఆఫీసులో పనిచేస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు ఇంగ్లీషులో మాట్లాడడం నేర్పే ఉద్యోగం అక్కడ ఖాళీగా ఉంటే, "ఒక్కసారి వచ్చి క్లాసు చెప్పి చూపించు వదినా, నచ్చకపోతే మానేద్దువు" అని బతిమాలి బుధవారం తీసుకెళ్లింది.

ఆ సాయంత్రం అక్క మేడ మీదికి ఆలస్యంగా వచ్చింది. చెప్పులు విప్పి పాదాలు నొక్కుకుంటూ చెప్పింది.

అక్కడ శిక్షణ చూసే ఓంకార్ మర్యాదగానే మాట్లాడాడట. "ఇంగ్లీషు వీళ్లకు వస్తది మేడమ్, దాని ఫికర్ లేదు. ఈ తల ఊపుడు ఒక్కటే జర బంద్ చేయించుండ్రి. వీడియో కాల్‌ల క్లయింట్ పరేషాన్ అయితుండు, ఒప్పుకున్నరా లేదా సమజైతలేదంట."

దానికి వాళ్లకో పద్ధతి ఉంది. తల వెనక్కి గోడకు ఆనించి కూర్చోబెట్టి, గోడ వదలకుండా మాట్లాడించాలి. ముందుగా కొత్తవాళ్లలో బాచుపల్లి నుంచి వచ్చే రోహిణి కూర్చుంది. అప్పటిదాకా గలగలా మాట్లాడిన పిల్ల గోడకు ఆనగానే తడబడింది.

"మేడమ్, తల ఊపకుంటె మాట వస్తలేదు. ఒక్కసారి ఊపుకోనా?"

"ఊపు ఊపు, క్లయింట్ భయపడి ఫోన్ పెట్టేస్తడు," అని వెనక నుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు. రోహిణీ నవ్వింది, కానీ గోడ వదల్లేదు.

"తర్వాత ఏమైందక్కా?"

"ఏమవుతాది? మెల్లగా, ఒక్కో మాటా అనిపించి మాన్పించినాను. ఆఖరికి బొమ్మ మాదిరి కూర్చుని అన్నిటికీ తప్పు లేకుండా జవాబు చెప్పింది. ఓంకార్ చప్పట్లు కొట్టినాడు. నాకు చేతనవుతాది ఆ పని. బాగా చేతనవుతాది." ఆమె పాదం నొక్కుకోవడం ఆపింది. "ఆ పిల్ల పోతా థాంక్యూ మేడమ్ అనింది. ఆ మాట కూడా కదలకుండానే అనింది."

ఇంతలో ప్రవీణ్ మెట్లెక్కి వచ్చాడు.

"అక్కా, సుష్మకు ఫోన్ చేసినారంట. సోమవారమే చేరమంటాండారు. ఇంక ఒప్పుకున్నట్టే కదా?"

"లేదురా. ఆ బడికే పోతాను."

"ఎందుకక్కా? ఇంటికి దగ్గర, ఏసీలో కూర్చుని చెప్పేది. ఆడ ఒక్కదానివే గొంతు చించుకుని ఏం సాధించినావు?"

"రెండు చోట్లా అలుపేరా ప్రవీణూ. ఆడ లేని మాట తెప్పించాల. ఈడ వచ్చిన మాటకు కాపలా కాయాల. దానికి నా దగ్గర ఓపిక లేదు."

"అమ్మ ఉండింటే నిన్ను తన్నేది."

"నన్నెందుకు? పెద్దదాన్ని. నిన్నే తన్నేది, ఆపలేదని."

అతను నవ్వలేదు. పిట్టగోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె కళ్లజోడు పెట్టుకుని, ఫోనును ముఖానికి దూరంగా పట్టుకుని, ఒక్కో అక్షరమే నొక్కుతూ బడికి జవాబు రాసింది. శుక్రవారానికి ఇంకా రెండు రోజుల గడువుంది. పంపించేశాక, లేవడానికి తమ్ముడి వైపు చెయ్యి చాపింది. అతను లేపాడు. లేచి నిలబడ్డాక కూడా ఆమె ఆ చెయ్యి వదల్లేదు. మెట్లు దిగేదాకా అలాగే పట్టుకుంది.