డాక్టరమ్మ గారి మంచం కింద ఇంజను

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, మా నర్సీపట్నం మిషను ఆసుపత్రి బండి ఏజెన్సీ కొండలెక్కి వైద్యం చేసిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. మొన్న దానిమీద చిన్న పుస్తకం కూడా వేశారు. అందులో డాక్టరమ్మ గారి ఫొటో ఉంది, పాస్టరు గారిది ఉంది, డ్రైవరైన మా మేనమామది ఉంది, ఆఖరికి మందుల బీరువాది కూడా ఉంది. ఇంజను చూసుకున్న నాది మాత్రం లేదు. నా సంగతీ చెప్పండని నలభై ఏళ్లుగా అడుగుతున్నాను, ఎవరూ పట్టించుకోలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అది పాత డీజిలు బస్సు. సీట్లు పీకేసి, రెండు మంచాలు, కిరసనాయిలు స్టవ్వు పెట్టి ఇల్లులా మార్చారు. ఆ పని చేసింది ఏటికొప్పాక నుంచి వచ్చిన బొమ్మల వడ్రంగి. (మంచి పనివాడే, కాదనను. కుంకుమ భరిణెకి బిగించినట్టు ఇంజనుకి మూత బిగించాడు.) డ్రైవరు సీటు వెనక చెక్క అడ్డు కొట్టి, ఇంజను చుట్టూ పెట్టె కట్టి, దానిమీద డాక్టరమ్మ గారి మంచం వేశాడు. ఇంజను చూడాలంటే పరుపు తియ్యాలి, మూత ఎత్తాలి, ఆ సందులోకి కాళ్లు ముందు పెట్టి దిగాలి. కొండరాళ్లు తగలకుండా అడుగున రేకు కొట్టేశారు, అటు దారి లేదు. ఆ ఉద్యోగం నాకు పనితనం చూసి ఇచ్చారా, నడుం కొలత చూసి ఇచ్చారా అన్నది ఇప్పటికీ అనుమానమే. పక్కన తలుపు పెట్టించండని మూడుసార్లు కాగితం రాసిచ్చాను. "ముందు బండి కదలనీరా అల్లుడూ, తలుపు సంగతి తరవాత సూద్దాం" అన్నాడు మావ, మూడుసార్లూ.

బండి కదిలే ముందు ప్రార్థన తప్పనిసరి. పాస్టరు గారు "ఆమేన్" అనడం, మావ తాళం తిప్పి సెల్ఫ్ కొట్టడం ఒకేసారి జరిగేవి. ఒకసారి ప్రార్థన మధ్యలో నేను "డీజిలు కారుతోందండీ" అన్నందుకు పాస్టరు గారు, "దేవుడితో మాట్లాడేటప్పుడు అడ్డురాకూడదని ఇంట్లో చెప్పలేదా బాబూ" అన్నారు. నర్సులు నవ్వారు. ఇంక చచ్చినా ప్రార్థనలో నోరు తెరవనని ఆరోజే ఒట్టు పెట్టుకున్నాను.

ఒకరోజు ఉదయం, బండి ఆసుపత్రి ఆవరణలో ఉండగా, ఫ్యాను బెల్టు బిగించడానికి దిగాను. పానా తిప్పుతుంటే చొక్కా చెయ్యి ఫ్యాను రెక్కకి చిక్కుకుంది. ఈలోగా పైన మూత టప్పున పడింది. నర్సు పరుపు పరిచేసింది. డాక్టరమ్మ గారు వచ్చి దానిమీద కూర్చున్నారు. "మీ అల్లుడేడీ?" అన్నారావిడ. "టీకెల్లుంటాడండి, దారిలో ఎక్కించుకుందాం. బేగి పార్దన సేసేద్దాం, ఎండెక్కిపోతాది" అన్నాడు మావ.

అరవొచ్చు కదా అంటారు. నేను నోరు తెరిచేసరికే పాస్టరు గారు "కృపగల తండ్రీ" అనేశారు.

చీకటి. డీజిలు వాసన. ముక్కుకి జానెడు దూరంలో ఫ్యాను రెక్క. నా చెయ్యి రాదు, చొక్కా చిరగదు (మా అమ్మ గట్టి గుడ్డ కొనేది). పైన ప్రయాణం కోసం అడగడం అయింది, రోగుల కోసం అయింది, మాకవరపాలెంలో ఎవరికో జ్వరం, అదీ అయింది. రోజూ ఎప్పుడవుతుందా అనిపించే ప్రార్థన ఆరోజు ఎంత పొట్టిగా ఉందో చెప్పలేను. మావ తాళంచెవి గలగలమంది. నా అయిదు వేళ్లకీ ఒక్కొక్కదానికీ వీడ్కోలు చెప్పుకున్నాను.

అప్పుడు తట్టింది. ప్రార్థనని ఆపకుండా పొడిగించగలిగేది ఇంకో ప్రార్థనే. పాస్టరు గారు "వేడుకొనుచున్నాము తండ్రీ" అని గుక్క తిప్పుకునే సందులో ఎత్తుకున్నాను. "పరలోకమందున్న తండ్రీ, నేను డాక్టరమ్మ గారి మంచం కింద ఉన్నాను. నా కుడిచెయ్యి ఫ్యానులో ఉంది. మా మావ చెయ్యి ఆపు తండ్రీ. మావా, నీకూ సెప్తన్నాను."

ఇంకొకరి ప్రార్థన మధ్యలో ఎవరూ ఠక్కున లేవరు. నేనేమో ఆమేన్ అనలేను, మావ చేతికి ఆ మాట అలవాటు. అందుకని గుర్తొచ్చిన చుట్టాలందరి కోసం వరసగా ప్రార్థించాను. మా పిన్నత్త దాకా వచ్చేసరికి మూత లేచింది. మావ మొహం కనబడింది. "ఇంక ఆపరా అల్లుడూ. తాళం డాక్టరమ్మ గారి సేతిలో ఉంది." అయినా నేల మీద నించున్నాకే ఆమేన్ అన్నాను.

ఆ ఆదివారం గుడిలో మావ సాక్ష్యం చెప్పాడు: "మంచం కిందనించి ఒక స్వరం నా సెయ్యి ఆపింది." ఎవరి స్వరమో చెప్పలేదు. పుస్తకంలోనూ అలాగే అచ్చు వేశారు. తలుపు పెట్టలేదు, మూతమీద "ప్రార్థనకు ముందు లోపల చూడుము" అని రంగుతో రాయించారు.

ఇప్పటికీ ఎక్కడ ప్రార్థన ముగిసినా నా చేతులు నా ఒళ్లోనే ఉన్నాయో లేదో చూసుకుంటాను. మా ఆవిడ నవ్వుతుంది, నేనూ నవ్వుతాను. కాని పుస్తకం వేసినవారిని ఒక్కటే అడుగుతున్నాను. ఆ స్వరం ఎవరిదో మీకు తెలుసు. నమ్మకం లేకపోతే, ఆరోజు ఆ మంచం మీద కూర్చున్న డాక్టరమ్మ గారు ఇంకా ఉన్నారు, ఆవిణ్ణే అడగండి. అడిగి, నాకో కార్డు ముక్క రాయండి.