మెట్లు కడిగే వంతు

నా చిన్నప్పుడు నేనాడిన ఒక్క అబద్ధం వల్ల, ఒక మంచి మనిషి మా అమ్మ దృష్టిలో నలభై ఏళ్లపాటు చెడ్డదానిగా మిగిలిపోయింది. నిజం చెప్పడానికి నాకు ఎన్నో అవకాశాలు వచ్చాయి. ఒక్కసారీ చెప్పలేదు. చివరికి ఎలా చెప్పానో ఇప్పుడు చెబుతున్నాను.

అప్పుడు మేం ఎడిన్‌బర్గ్‌లో ఒక పాత రాతి మేడలో ఉండేవాళ్లం. నాన్న ఆస్పత్రిలో డాక్టరు. అంతస్తుకొక ఫ్లాటు. కింద, ఒక స్కూలు వంటగదిలో పనిచేసే స్కాట్లండ్ ఆంటీ, మధ్యలో మేము, పైన పాస్టర్ గారు. ఆయనది పసిఫిక్ సముద్రంలోని ఒక చిన్న దీవుల దేశం. బైబిల్ చదువు కోసం వచ్చారు. ఆయన నవ్వితే మేడంతా మోగేది.

మెట్లు అందరివీ కాబట్టి వంతులవారీగా వారానికొక ఇంటివాళ్లు కడగాలి. ‘ఈ వారం మీ వంతు’ అని రాసిన అట్టముక్క ఒకటి దారంతో తలుపు పిడికి వేలాడుతుండేది. కడిగినవాళ్లు దాన్ని తర్వాతి ఇంటి తలుపుకి తగిలించాలి. శనివారాలు అమ్మ ఒక కొట్లో పనికి వెళ్లేది కనుక, మా వంతు తొమ్మిదేళ్ల నామీద పడింది. ఆంటీ మా తలుపుకి అట్ట తగిలించిన వారం, నేను చప్పుడు కాకుండా పైకెక్కి దాన్ని పాస్టర్ గారి తలుపుకి తగిలించి వచ్చేవాణ్ణి. ఆయన పాటలు పాడుకుంటూ కడిగేసేవారు. అమ్మతో నేనే కడిగానని చెప్పేవాణ్ణి.

ఒక శనివారం అమ్మ పెందలాడే వచ్చేసింది. మెట్ల మీద గుడ్డతో పాస్టర్ గారు కనిపించారు.

“ఈ వారం వంతు మనది కదరా?” అంది లోపలికి వస్తూనే.

“కింది ఆంటీ మనకివ్వలేదమ్మా. అట్ట నేరుగా ఆయన తలుపుకే తగిలించేసింది.”

“నల్లగా ఉన్నాడని అలుసన్నమాట!” అమ్మ ముఖం ఎర్రబడింది. ఆ రోజు నుంచి ఆంటీ ఎదురుపడితే తల తిప్పుకునేది.

మళ్లీ మా వంతు వచ్చినప్పుడు నా అలవాటు ప్రకారం అట్టను పైకి చేర్చాను. కాసేపటికి మా తలుపు చప్పుడైంది. అట్ట పట్టుకుని పాస్టర్ గారు! దాని అంచున ఆవకాయ నూనెతో చిన్న బొటనవేలి ముద్ర ఎర్రగా మెరుస్తోంది. ఆయన దాన్ని వాసన చూసి, పెద్దగా తుమ్మారు.

“నాకొక అసిస్టెంటు కావాలి. ఇంత ఘాటైనవాడైతే మరీ మంచిది” అన్నారు. అంతే, మందలింపు.

ఆ రోజు పనిచేసినంత సరదాగా నేను ఇంకెప్పుడూ పనిచేయలేదు. పైమెట్టు నుంచే మొదలుపెట్టాలన్నారు. పైన మురికి ఉంచుకుని కింద ఎంత రుద్దినా లాభం లేదట. వాళ్ల దేశపు పాట ఒకటి నేర్పారు. ప్రతి తలుపూ తట్టి, మెట్లు తడిగా ఉన్నాయని హెచ్చరించి, ఇంట్లోవాళ్ల క్షేమం అడిగారు. ఆయన మురికినీళ్లు పారబోయడానికి వెళ్లినప్పుడు ఆంటీ నాకు షార్ట్‌బ్రెడ్ బిస్కెట్లు పెట్టి, “మీ అమ్మకి నామీద కోపమెందుకు బాబూ?” అని అడిగింది. నోరు నిండా బిస్కెట్టు ఉండటం ఆనాడు నాకు కలిసొచ్చింది.

చదువు ముగించి ఆయన తన దేశానికి వెళ్లిపోయారు. అక్కడ దూరపు దీవులకు పడవలు సరిగా వచ్చేవి కావు. పాస్టర్‌గా ఎన్ని అర్జీలు పెట్టినా ఎవరూ వినకపోవడంతో ఎన్నికల్లో నిలబడ్డారు, ఓడిపోయారు. రెండోసారి ఉపన్యాసాలు మానేసి ప్రతి తలుపూ తట్టి గెలిచానని నాన్నకు ఉత్తరం రాశారు. తర్వాత పడవల శాఖ మంత్రయ్యారు. మంత్రి ప్రయాణాల కోసం ఉంచిన పడవను మొట్టమొదట దూరపు దీవుల రోగులకు ఇచ్చేశారు. ‘పైమెట్టు నుంచి మొదలుపెట్టాను, మీ అబ్బాయికి చెప్పండి’ అని రాశారు. ప్రార్థన వదిలేసి పదవికి ఎగబడ్డాడని తిట్టిన చర్చి సంఘస్తులే ఆ పడవలో ఆస్పత్రికి వెళ్లారట.

పోయిన వేసవిలో, పదవులన్నీ వదిలేశాక, ఒక సభకు లండన్ వచ్చి, అక్కడికి దగ్గర్లో రీడింగ్ అనే ఊళ్లో ఉన్న మా ఇంటికి భోజనానికి వచ్చారు. అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఆయన కంచంలో ఆవకాయ వేస్తూ, “ఆ కిందావిడ మీచేత ఎంత చాకిరీ చేయించిందండీ!” అంది.

ఆయన చెయ్యి ఆగింది. “ఆవిడా?” అని నావైపు చూశారు. నన్ను పట్టివ్వలేదు. “ఆవిడ ఇంకా అదే ఫ్లాటులో ఉంది. ప్రతి క్రిస్మస్‌కీ నాకు కార్డు రాస్తుంది” అని, “అట్ట ఇప్పుడు నీ తలుపుకి వేలాడుతోంది” అన్నారు నాతో.

అక్కడే, అన్నం ముందు కూర్చునే, అంతా చెప్పేశాను.

“యాభై ఏళ్లొచ్చాకా చెప్పడం, వెధవా!” అంది అమ్మ. “ఎడిన్‌బర్గ్‌కి టికెట్లు తియ్యి. నేనూ వస్తాను. తల తిప్పుకున్నది నేనే కదా.” పాస్టర్ గారు నవ్వితే మా ఇల్లు కూడా మోగింది.

ఏ తప్పునైనా పైమెట్టు నుంచి, అంటే నా నుంచి కడగడం మొదలుపెట్టాలన్నది ఆ శనివారం నాకిచ్చిన పాఠం. పాఠం అప్పుడే వచ్చింది, ధైర్యమే ఆలస్యంగా వచ్చింది.

అవే రాతిమెట్లు. తలుపు తీసిన ఆంటీ జుట్టు పూర్తిగా తెల్లబడింది. అమ్మను గుర్తుపట్టి ఆశ్చర్యంగా చూస్తుండగానే చెప్పాను. “అట్టను పైకి తగిలించింది మీరు కాదు, నేను. మీరని మా అమ్మకు చెప్పిందీ నేనే. ఆ రోజు మీరడిగితే నోట్లో బిస్కెట్టు పెట్టుకుని ఊరుకున్నాను. నన్ను క్షమించండి ఆంటీ.”