చీర కట్టిన థోర్, గొంతులో ముల్లు

పెళ్లిచూపుల్లో నాకు జరిగినంత పరాభవం మరే పెళ్లికొడుక్కీ జరిగి ఉండదు. ఆ రోజు పట్టుచీర కట్టుకున్నది నేను. అమ్మాయి మామూలు చుడీదార్‌లో వచ్చింది.

మస్కట్‌లో మేముండే అజైబా పేట తెలుగువాళ్లు పిల్లల కోసం దేశదేశాల దేవుళ్ల కథలను నాటికలుగా వేస్తున్నారు. "నీకు చూసిన ఆ అమ్మాయి వాళ్లూ వస్తున్నార్రా. దూరం నుంచి నిన్ను చూసి, నచ్చితే ఇంటికి పిలుస్తారంట," అని నా రూమ్మేట్ రమణ చెవిన వేశాడు. అంతకుముందు తప్పిపోయిన సంబంధాలు చాలా ఉన్నాయి. ఇదీ తప్పితే మా అమ్మ ఫోన్ ఎత్తే ధైర్యం నాకు లేదు. అందుకే నార్వే వైపు వాళ్ల ఉరుముల దేవుడు థోర్ వేషానికి అందరికంటే ముందు చెయ్యెత్తాను. కండలు, సుత్తి, గర్జన! కథ మాత్రం చదవలేదు. చదివితే నేను నేనెందుకవుతాను?

రిహార్సల్‌లో నాటిక నడిపిస్తున్న శారదక్క నా చేతిలో చీర పెట్టింది.

"ఇదేంటక్కా? సుత్తేదీ?"

"సుత్తిని రాక్షసుడెత్తుకుపోయాడు తమ్ముడూ. ఫ్రేయా దేవితో పెళ్లి చేస్తేగానీ ఇవ్వనంటాడు. ఆవిడ ససేమిరా అంటుంది. అందుకని నువ్వే పెళ్లికూతురి వేషంలో వెళ్లి తెచ్చుకోవాలి."

"గడ్డంతోనా?"

"ముసుగుందిగా!"

థోర్ వెంట చెలికత్తెలా వెళ్లే 'లోకి' అనే దేవుడి వేషం రమణది. వాడప్పటికే జడ వేయించుకుని కులుకుతున్నాడు.

పరువు ఎలాగూ పోయింది, నటనతోనైనా నిలబెట్టుకుందామనుకున్నాను. పెళ్లివిందులో థోర్ ఆకలికి ఆగలేక ఎద్దునూ చేపలనూ మింగేస్తాడు. శారదక్క ఎద్దును తీసేసి, చేపలను అట్టతో కత్తిరించి రంగులు కూడా వేసింది. "అట్టలు నమిలితే నటనేంటక్కా? నిజం చేపలే కావాలి!" అని పట్టుబట్టాను. చేపల రేవు ఖురియాత్ నుంచి తాజా చేపలు తెప్పించి, స్వయంగా వేయించి పట్టుకెళ్లాను.

తెర లేచింది. ముందు వరసలో అమ్మాయి, అమ్మానాన్నలు. నేను విజృంభించాను. రెండో చేప సగంలో ఉండగా గొంతులో ముల్లు దిగింది.

"పెళ్లికూతురు ఇలా తింటోందేమిటి?" అన్నాడు రాక్షసుడు.

"మీ మీద బెంగతో ఇన్నాళ్లూ అన్నం ముట్టలేదు ప్రభూ!" అన్నాడు రమణ.

"గ్ర్... గ్ర్..." అన్నాను నేను.

చప్పట్లు! కళ్లు తేలేసి రమణ జడ పట్టుకు లాగితే ఈలలు! "జీవించేస్తున్నాడు!" అని ఎవరో అరిచారు. నేనక్కడ చచ్చిపోతున్నాను.

హాలంతటిలో నవ్వని మనిషి ఒక్కరే లేచి స్టేజీ ఎక్కారు. అమ్మాయే! పళ్ల డాక్టరని రమణ నాకు చెప్పనే లేదు. నా ముసుగెత్తి, గడ్డం పట్టుకుని, "నోరు తెరవండి. ఇంకా పెద్దగా," అంది. ఫోన్ టార్చి వేసి, శారదక్క మేకప్ డబ్బాలోని పట్టకారుతో ముల్లు లాగేసింది. సిగ్గుతో నేను ముసుగు మళ్లీ దించుకున్నాను.

కింద నుంచి వాళ్ల నాన్న అడిగారు: "అబ్బాయిని దగ్గర్నుంచే చూశావుగా అమ్మలూ, ఎలా ఉన్నాడు?"

నా చీరకు తగిలించిన మైకు ఆపాలని ఎవరికీ తోచలేదు.

"రెండు పళ్లు పుచ్చిపోయాయి నాన్నా. మిగతాదంతా బాగానే ఉంది!"

పళ్లు పీకించుకుంటేనే తాళి అంది. పీకించుకున్నాను.

కనుక సకల దేశాల దేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ దేవుడి వేషం వేసినా ముందు కథంతా చదువుతాను. అందులో భోజనం ఉంటే, ఆ రోజు ఆ దేవుడికి ఉపవాసం.