మాగాయ జాడీలో నల్లరాయి

మా మేనకోడలు విశాఖలో రాళ్ల మీద పరిశోధన చేస్తోంది. పోయిన వేసవిలో చోడవరంలో బస్సు దిగి మా ఇంటికి వచ్చినప్పుడు ఆమె సంచిలో ఒక నల్లరాయి ఉంది. ఎప్పుడో భూమి లోతుల్లోంచి పొంగి గడ్డకట్టిన లావా అది. గోదావరి పక్కన ఓ క్వారీ అట్టడుగు పొరలో దొరికింది. ఆ క్వారీ ఇప్పుడు నీళ్లతో నిండిపోయింది. ఆ పొర మళ్లీ అందదు.

సంచి వరండాలో పెట్టి దేవరాపల్లిలో స్నేహితురాలి పెళ్లికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి సంచి ఖాళీ.

"అత్తా, నా రాయేదీ?"

"మాగాయ జాడీలో ఉందే. ముక్కలు తేలిపోతంటే మీద పళ్లెం పెట్టి, దానికి బరువు పెట్టేను. కడిగే పెట్టేన్లే," అంది మా ఆవిడ.

ఊరిన ఉప్పునీటిలో రాయి సగం మునిగి ఉంది. అమ్మాయి గచ్చు మీద కూలబడింది.

"ఏటే, రాయికి ఏడుస్తావా? గోవాడ రోడ్డు పొడుగునా అవే. బండెడు తెప్పిస్తాను!"

"ఆ రాళ్లు నాకేటీ సెప్పవత్తా."

తర్వాత నాకు వివరించింది. స్ట్రాన్షియం అనే మూలకంలో కొన్ని పరమాణువులు బరువైనవి, కొన్ని తేలికైనవి. వాటినే ఐసోటోపులంటారు. లావా రాయిలో వాటి పాళ్లు చూస్తే, అది భూగర్భంలో ఎలాంటి చోటు నుంచి వచ్చిందో తెలుస్తుంది. మనం తవ్వి చేరలేని లోతుకి అదే సాక్ష్యం. జాడీలో వేసిన భీమిలి సముద్రపు ఉప్పులోనూ స్ట్రాన్షియం ఉంది, పాళ్లు వేరు.

"ఇప్పుడడిగితే ఇది భీమిలి సముద్రం సంగతి సెప్తాది మావయ్యా."

ఏళ్ల తరబడి పేపరుకి వార్తలు రాసినవాణ్ణి. సాక్ష్యం చెడిపోతే ఏం మిగులుతుందో నాకు తెలుసు.

మర్నాడే రాయి పట్టుకుని బస్సెక్కింది. ల్యాబులో పైచెక్కంతా రంపంతో కోసేసి, నడిమి ముక్కల్ని ఆమ్లంతో కడిగి పరీక్షిస్తారట. ఉప్పు ఎంత లోపలికి దిగిందన్నదే భయం.

ఆ కబురు తెలిసేదాకా మా ఆవిడ కొత్త మాగాయ వడ్డించలేదు. అడిగితే, "ముందు ఆ గుంటదాని రాయి సంగతి తేలనీండి," అనేది.

చివరికి ఫోనొచ్చింది. "అత్తా, ఉప్పు లోపలికి దిగలేదు! నడిమిన ఎక్కడ తీసి సూసినా పాళ్లు ఒక్కలాగే వచ్చేయి."

ఆ పూట మా ఆవిడ మాగాయ జాడీ మూత తీసింది.

ఈ వేసవిలో అమ్మాయి, కోసేసిన పైచెక్కు ముక్కొకటి తెచ్చి అత్త చేతిలో పెట్టింది.

"జాడీలో పెట్టొచ్చేటే?" మా ఆవిడ అనుమానంగా అడిగింది.

"పెట్టుకో అత్తా. దీన్నింక నేనేటీ అడగను."

లోపలికి ఉప్పు దిగనివ్వని ఆ రాయికీ, అత్త మీద కోపం ఉంచుకోని ఆ పిల్లకీ మాగాయ కలుపుకున్నప్పుడల్లా మనసులో దండం పెట్టుకుంటాను.