కుడి చక్రం కింద నిమ్మకాయ

2005లో ఖమ్మంలో నాకో చిన్న మెకానిక్ షెడ్డు ఉండేది. ఆదివారాలు షెడ్డు మూసి, పిలిచినవాళ్ల ఇళ్లకే వెళ్లి పని చేసేవాణ్ణి. అలా ఒక ఆదివారం ఖానాపురం హవేలిలో శ్రీనివాస్ సార్ ఇంటికి వెళ్లాను. ఆయన బ్యాంకు ఉద్యోగి. మర్నాడు పొద్దున భద్రాచలంలో కొడుకు పుట్టువెంట్రుకలు. మధ్యాహ్నానికల్లా కారులో బయల్దేరాలని ఆయన తొందర.

స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఎడమవైపు టకటకమంటోంది. టై రాడ్ ఎండ్ అరిగింది. మన చేతి తిప్పుడును చక్రానికి అందించే కీలు అది. ఊడిందంటే స్టీరింగ్ మన చేతిలోనే ఉంటుంది, చక్రం మాత్రం దాని ఇష్టం. ముందురోజే చెప్పాను కాబట్టి కొత్తది తెచ్చిపెట్టారాయన.

జాకీ పెట్టి, స్ప్లిట్ పిన్ లాగి, నట్టు విప్పి ఎంత కొట్టినా పాతది ఓ పట్టాన ఊడి రాలేదు. సార్ గేటు దాకా వెళ్లడం, తిరిగి రావడం, గడియారం చూసుకోవడం.

"ఇంకెంతసేపు యాదగిరీ? జల్దీ కానియ్!"

అలా నెత్తిమీద నిలబడితే నాకు చెయ్యాడదు. ఒంటి మీద చీమలు పాకినట్టుంటుంది.

ఎలాగో ఎడమది బిగించి, ఊరికే ఉండలేక కుడి చక్రం కూడా పట్టి ఊపాను. అదీ ఊడబోయే పాలపన్నులా కదులుతోంది. చప్పుడు రావడం లేదు, అంతే.

"సార్, ఇది కూడా పోయింది. ఇయ్యాల షాపులు బంద్. రేపు తెచ్చి ఏస్త, అప్పటిదాకా బండి తీయకున్రి."

"చప్పుడే లేదు కదనయ్యా! వచ్చినంక చూద్దాం తీ."

"పాల్వంచ దాటితే అడవి రోడ్డు సార్. పిల్లగాడున్నడు."

"మీరంతా గింతే. ఒకటి చెయ్యమంటే రెండు చెప్తరు."

నాకు ఒళ్లు మండింది. పనిముట్లు సంచిలో వేసుకున్నాను గానీ కాళ్లు గేటు దాటలేదు. కారు ఆయనది, ఆపడానికి నేనెవర్ని? వెనక సీట్లో తల్లి ఒళ్లో ఆ చంటివాడు అద్దం మీద అరచేతులతో కొడుతూ నవ్వుతున్నాడు. వాణ్ణి చూస్తే భయం ఇంకా పెరిగింది.

సార్ వాళ్లమ్మ మెట్ల మీద కూర్చుని ఇదంతా వింటూనే ఉంది. లేచి వెళ్లి రెండు నిమ్మకాయలు తెచ్చి, ముందు చక్రాల కింద పెట్టింది. ప్రయాణానికి ముందు వాటిని తొక్కించడం ఆనవాయితీ. కారు కదిలింది. ఎడమవైపు కాయ చితికింది.

"ఆగురా! కుడిది తొక్కలే!" అంటూ ఆమె చటుక్కున వంగి, నలగని కాయ తీసి చూపించింది.

సార్ ముఖం పాలిపోయింది. వెంటనే ఇంజన్ ఆపి, సామాన్లు దింపి, బస్టాండుకు పోవడానికి ఆటో కోసం వీధిలోకి పరిగెత్తారు. నా మాటకు లేని విలువ నిమ్మకాయకు దొరికినందుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ పెద్దామె నా పక్కకొచ్చి, గొంతు తగ్గించి అంది:

"నేను చెప్తే ముసల్దానికేం ఎరుక అంటడు. నువ్ చెప్తే పైసల కోసమంటడు. నిమ్మకాయ చెప్తే ఇంటడు. గందుకే టైరుకు తగలకుండ జరిపి పెట్టిన బిడ్డా."

అప్పటినుంచి బండిలో లోపం కనబడితే యజమానికొక్కడికే చెప్పి ఊరుకోను. ఆ బండి ఎక్కేవాళ్లందర్నీ, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లను పిలిచి, చక్రం ఊపి చూపిస్తాను. వాళ్లలో ఒక్కరు భయపడినా చాలు, బండి ఆగుతుంది.